నాన్నగారి జేబులో ఫ్యూజులు

అహల్యకు కోపం సులువుగా వస్తుంది. ఆ సంగతి ఆమే ఒప్పుకుంటుంది. కానీ ఆ సోమవారం పొద్దున్న ఏడుంబావుకి వచ్చిన కోపంలో మాత్రం న్యాయం ఉంది.

నాలుగు నెలల కిందట, వాళ్ళుండే భిలాయి పక్కనే దుర్గ్‌లో ఒక పెద్దమనిషి దగ్గర కొన్న ఎనిమిది సీట్ల వ్యాను అది. "ఘర్ కీ గాడీ హై బేటీ, సొంతానికి వాడుకున్న బండి, గుడికి తప్ప ఎక్కడికీ పోలేదు" అని ఒట్టేసి మరీ అమ్మాడు. ఆ వ్యాను ఇవాళ తాళం తిప్పితే టక్ మని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. నందిని రోడ్డులోని స్కూల్లో ఆమె సైన్సు టీచరు. దారిలో ఇంకో ముగ్గురు టీచర్లు గొడుగులు వేసుకుని ఈ వ్యాను కోసమే నిలబడి ఉంటారు. నెహ్రూ నగర్ వీధిలో సగం మంది బయటికొచ్చి తోస్తే బండి కదిలింది. తోసిన ప్రతివాళ్ళూ ఒక సలహా కూడా ఇచ్చారు. కోపం సగం అందుకే.

సాయంత్రం సెక్టర్ 4 మార్కెట్ వెనక ఆటో ఎలక్ట్రికల్ షాపు ముందు వ్యాను ఆపింది. వెనక సీట్లో నాన్నగారు ధర్మారావు కూర్చున్నారు. ఉక్కు ఫ్యాక్టరీలో పట్టాలు చేసే రైల్ మిల్లు ఎలక్ట్రికల్‌లో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయిన మనిషి. కరెంటు పనికి ఎవరు వెళ్తున్నా పక్కన ఆయన ఉండాల్సిందే.

లోపల్నుంచి ఒక యువకుడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆ ఊళ్ళో మెకానిక్ అన్న ప్రతివాడూ భయ్యానే, అంటే అన్నయ్యే, కాబట్టి అహల్య కూడా భయ్యా అని, సమస్య హిందీలో చెప్పింది. అతను "దేఖ్తా హూఁ దీదీ", చూస్తాను అక్కా, అన్నాడు. ఇంజను వైపు చూడలేదు. పక్కకి జరిగే తలుపు తీశాడు, మూశాడు, మళ్ళీ తీశాడు. తల పైకెత్తి వ్యాను కప్పు చూశాడు. మళ్ళీ మూశాడు.

అప్పుడే అమ్మ సత్యలక్ష్మి ఫోన్ చేసింది. అహల్య తెలుగులో ధైర్యంగా చెప్పేసింది.

"తలుపు తీసి మూసి ఆడుకుంటున్నాడమ్మా. మొహం చూస్తే కొత్త బ్యాటరీ అంటగట్టే రకంలాగే ఉన్నాడు."

అతను వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"బ్యాటరీ బాగానే ఉన్నాదండి. మొహానికే ఏటీ చెయ్యలేం."

వెనక సీట్లో నాన్నగారు ఫక్కున నవ్వారు. అహల్య చెవుల దాకా ఎర్రబడింది. తెలుగువాడైతే ముందే చెప్పాలి కదా అని ఆమెకు అతని మీదే కోపం వచ్చింది.

పేరు రమాకాంత్. వాళ్ళ నాన్న నందిని సున్నపురాయి గనుల్లో ఒకప్పటి ఫిట్టరు, సొంతూరు పలాస పక్కన. ఇవన్నీ నాన్నగారు అయిదు నిమిషాల్లో రాబట్టారు. ఈలోగా రమాకాంత్ తలుపు అంచున తుప్పుపట్టిన చిన్న స్విచ్ ఊడదీసి చూపించాడు. తలుపు మూసినా మూయలేదనే అనుకుని ఆ స్విచ్ లోపలి దీపాన్ని రాత్రంతా వెలిగిస్తోందట. బ్యాటరీ దానికే ఖాళీ అయిపోతోంది. స్విచ్ మార్చాడు. ఫ్యూజుల పెట్టె మూత లోపల, ఏ గడిలో ఏ రంగు ఫ్యూజు ఉండాలో రాసి కాగితం అంటించాడు.

"పాత బండి కదండి సార్," అన్నాడు నాన్నగారితో. "ఎక్కడో ఒక దగ్గిర కరెంటు కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాది. బండి ఆపీసిన తరవాత ఓ కన్నేసి ఉంచండి."

నాన్నగారు సీరియస్‌గా తలూపారు. రిటైరయిన మూడేళ్ళకి ఎవరో ఆయనకి ఒక డ్యూటీ వేశారు.

*

గురువారం నందిని రోడ్డు మీద వాన దంచికొడుతుంటే వైపర్లు సగంలో ఆగిపోయాయి. పక్క సీట్లో కూర్చున్న లెక్కల టీచరు కిటికీలోంచి చెయ్యి చాపి, గొడుగు మడిచి దాంతో అద్దం తుడుస్తూ స్కూలు దాకా వచ్చింది. సాయంత్రం రమాకాంత్ ఫ్యూజు మాడిందని మార్చి ఇచ్చాడు.

మంగళవారం హారన్ పోయింది. భిలాయిలో హారన్ లేకుండా బండి నడపడం అంటే కళ్ళకి గంతలు కట్టుకుని రోడ్డు దాటడమే. పవర్ హౌస్ కూడలి దగ్గర ఒక ఆవు, రెండు ఆటోలు ఆమె ముందునుంచి పెళ్ళి ఊరేగింపులా నడిచాయి. సాయంత్రం మళ్ళీ ఫ్యూజే అన్నాడు రమాకాంత్.

శుక్రవారం ఇండికేటర్లు.

నాలుగోసారి షాపుకి వెళ్ళినప్పుడు అహల్య కొత్త కుర్తా వేసుకుంది. ఇస్త్రీ చేసినది అదొక్కటే మిగిలిందని తనకి తానే సర్దిచెప్పుకుంది. అతను ఆమె చేతిలోంచి తాళం తీసుకునే ముందు ప్రతిసారీ గుడ్డ వెతుక్కుని చేతులు తుడుచుకుంటాడు. వైరు పట్టుకుంటే ముందు వాసన చూస్తాడు, అమ్మ పప్పుపోపు వాసన చూసినట్టు. అల్లం టీ తెప్పించి గ్లాసు ఆమె పక్కన పెట్టి, తాగమని చెప్పకుండా పని చేసుకుంటాడు. ఇవన్నీ గమనిస్తున్నందుకు అహల్యకు తన మీద తనకే మండింది. కోపంగా ఉన్న మనిషి ఇవన్నీ గమనించకూడదు కదా.

ఆ రోజు అతను ఫ్యూజు అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది నేనేసింది కాదండి. నేనేసింది ఎర్రది. ఇది గోధుమరంగుది. తక్కువ కరెంటు ఆపుతాది. అందుకే మాడిపోనాది."

"అంటే మా వ్యానులోకి ఎవరో దొంగలా వచ్చి ఫ్యూజులు మార్చిపోతున్నారా?"

"ఎవరొస్తున్నారో నాకెలగ తెలుస్తాదండి? నా చేత్తో ఏది పెట్టానో అది తెలుసు."

"ప్రతిసారీ ఒకటి బాగవుతుంది, ఇంకొకటి పోతుంది. మీ చేతి మహిమ మాకూ తెలుస్తోంది."

అతని మొహం మాడిపోయింది. టీ గ్లాసు ఖాళీ కాకుండానే తీసేశాడు. పని పూర్తి చేసి, డబ్బు తీసుకోనని తాళం బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. తప్పు చేసినవాడికి అంత పౌరుషం ఎందుకని అహల్య దారంతా తిట్టుకుంది. ఆ పౌరుషమే దారంతా గుర్తొచ్చింది కూడా.

సోమవారం వైపర్లు గట్టిగా తిరుగుతుండగా డ్యాష్‌బోర్డు కిందనుంచి కాలిన రబ్బరు వాసన వచ్చింది. తరవాత సన్నగా పొగ. నలుగురు ఆడవాళ్ళూ వానలోకి దిగి రోడ్డు పక్కన నిలబడ్డారు. లెక్కల టీచరు ఏడ్చినంత పనిచేసింది. తడిసి ముద్దయిన అహల్యకు ఇక దయాదాక్షిణ్యాలేమీ మిగల్లేదు.

భిలాయి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో నాలుగొందల మంది ఉన్నారు. అక్కడే టైపు చేసింది. సెక్టర్ 4 మార్కెట్ వెనక రమాకాంత్ షాపుకి ఎవరూ వెళ్ళొద్దు, ఒకటి బాగుచేసి ఇంకొకటి పాడుచేస్తాడు, ఈరోజు మా వ్యానులో పొగొచ్చింది, నలుగురం ప్రాణాలతో బయటపడ్డాం అని. మూడుసార్లు చదువుకుని పంపేసింది. అయిదు నిమిషాల్లో ముప్పై మంది బొటనవేళ్ళు పెట్టారు.

మర్నాడు స్కూల్లో వైస్ ప్రిన్సిపాల్ సుప్రియ మేడమ్ ఆమెని పిలిచి మెచ్చుకున్నారు. మొన్న శనివారం కమిటీ కూర్చుని స్కూలు ఆరు బస్సుల కరెంటు పని మొత్తం ఆ కుర్రాడికే ఇవ్వాలనుకుందట. అతను రెండు నెలల్నుంచి బస్సులన్నీ చూసి కాగితాలు రాసిచ్చాడట. సమయానికి చెప్పావు, పిల్లలు ఎక్కే బస్సులు కదా, ఇక అతని పేరు కొట్టేస్తాం అన్నారు.

అహల్య థాంక్యూ అంది. మధ్యాహ్నం డబ్బా తెరిచి, తినకుండానే మూసేసింది.

*

బుధవారం ఆమె ఇంటికొచ్చేసరికి రమాకాంత్ బైకు గేటు ముందు ఉంది. సోమవారం తాడుతో లాగించి ఇంటికి చేర్చాక వ్యాను కదల్లేదు. ఇప్పుడు దాని ముందు సీట్లో నాన్నగారు, కింద మోకాళ్ళ మీద అతను ఉన్నారు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. నాన్నగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పే మనిషి అలా కూర్చోవడం ఆమె చూడలేదు.

దెబ్బలాటకే వచ్చి ఉంటాడని అహల్య బ్యాగు కింద పెట్టి సిద్ధపడింది. అతను లేచి, గుడ్డ వెతుక్కుని చేతులు తుడుచుకున్నాడు.

"తప్పు నాదే మేడమ్. వైపర్ గడిలో నీలంది, పదిహేను నంబరు పెట్టాలి. ఆకుపచ్చది, ముప్పై పెట్టీసాను. వైరు కాలినా ఫ్యూజు ఆపలేదు. మొత్తం కొత్త వైరేసాను. ఇంక మీకు భయం లేదు."

అంతే. సీటు కింద బ్యాటరీకి ఒక కొత్త స్విచ్ బిగించి, దాని ఎర్రటి కీ తీసి నాన్నగారి చేతిలో పెట్టాడు. బండి ఆపేశాక ఈ కీ పెట్టి తిప్పి తీసేస్తే బండి మొత్తానికి కరెంటు బంద్, పొద్దున్న మళ్ళీ పెట్టి తిప్పి తీసేస్తే వస్తుంది అని చెప్పాడు. నాన్నగారు దాన్ని చొక్కా జేబులో వేసుకుని, పైనుంచి ఒకసారి తట్టి చూసుకున్నారు. రమాకాంత్ ఆమె వైపు చూడకుండా బైకెక్కి వెళ్ళిపోయాడు.

గెలిచింది. సందేహం లేదు. నేరస్థుడే ఒప్పుకున్నాడు. కానీ గెలిచినవాళ్ళకి ఉండాల్సిన ఉత్సాహం ఎక్కడా దొరకలేదు. గోధుమరంగు ఫ్యూజు తనది కాదని అంత గట్టిగా నిలబడినవాడు, ముప్పై నంబరు దగ్గర ఇంత మెత్తగా ఎందుకు ఒప్పుకున్నాడు? రాత్రి అన్నం దగ్గర అమ్మ రెండోసారి అడిగేదాకా ఆమెకు కూర వేసుకున్నట్టే గుర్తులేదు.

శుక్రవారం పొద్దున్న సమాధానం దొరికింది. వాషింగ్ మెషీన్‌లో వెయ్యబోతూ నాన్నగారి తెల్ల చొక్కా జేబు తడిమింది. నాలుగు ఫ్యూజులు. ఒకటి ఎర్రది, ఒకటి గోధుమరంగు, రెండు నీలం.

ఆమె వాటిని అరచేతిలో పెట్టుకుని వరండాలోకి వెళ్ళింది. నాన్నగారు పేపరు మొహానికి బాగా దగ్గరగా పెట్టుకుని చదువుతున్నారు. అంత దగ్గరగా ఎప్పట్నుంచి చదువుతున్నారో ఆమెకు గుర్తులేదు.

ఆయన దాచలేదు. పేపరు మడిచి చెప్పారు. మిల్లులో ఏ మోటారు మీద పని చెయ్యాలన్నా ముందు సంతకం పెట్టి షట్‌డౌన్ తీసుకోవాలి, అంటే దానికి కరెంటు ఆపించాలి. ఫ్యూజు ఊడదీసి, పనిచేసేవాడు తన జేబులోనే పెట్టుకోవాలి. ఇంకొకడి చేతికి ఇవ్వకూడదు. పని అయ్యాక తీసినవాడే తిరిగి పెట్టి, షట్‌డౌన్ వాపసు ఇవ్వాలి. ముప్పై నాలుగేళ్ళు ఆయన అలాగే చేశారు, ఆయన గ్యాంగులో ఒక్కడికీ షాకు తగల్లేదు. పాత బండి కరెంటు తాగుతుందని రమాకాంత్ చెప్పిన రోజునుంచీ, సాయంత్రం బండి రాగానే నాలుగు ఫ్యూజులు తీసి జేబులో వేసుకోవడం, పొద్దున్న ఆమె లేవకముందే తిరిగి పెట్టడం. కొన్ని పాతవి తన సామాన్ల డబ్బాలోంచి కూడా వాడారట.

"మరి రంగులు?" అంది అహల్య.

నాన్నగారు మడిచిన పేపరుని ఇంకో మడత వేశారు.

"ఆ కుర్రోడు కూడా అదే అడిగినాడమ్మా. ఒక్కోటీ నా చేతిలో పెట్టి ఇదేటి సార్, ఇదేటి సార్ అన్నాడు. ఆకుపచ్చదాన్ని పట్టుకుని నీలం అన్నాను. ఇంకేటీ అనలేదు. కూచుని వైరు మార్చడం మొదలెట్టినాడు."

"అతని మీద నేను గ్రూపులో రాశాను నాన్నగారూ. మీకు తెలుసు కదా."

"నేనే చెప్పీస్తానన్నాను. వొద్దన్నాడు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు ఒక్క ఫ్యూజుకి పోకూడదు సార్, ఈ వారంలో కళ్ళు చూపించుకోండి, ఫ్యూజుల జోలికెళ్ళకండి, చాలు అన్నాడు. ఆ కీ నా కోసమే తెచ్చినాడు. నేను సిగ్గుపడి నోరు మూసుకున్నాను. అది నా తప్పు."

అహల్యకు ముందు ఏడుపొచ్చింది. దాని వెనకే, అలవాటు ప్రకారం, బ్రహ్మాండమైన కోపం వచ్చింది.

*

సాయంత్రం వానలో ఆమె షాపు ముందు వ్యాను ఆపేసరికి రమాకాంత్ ఒక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. షాపు ముందు ఒక్క బండి లేదు. గ్రూపు మహిమ.

నాలుగు ఫ్యూజులూ బల్ల మీద పోసింది.

"నాతో అబద్ధం ఎందుకు చెప్పారు?"

అతను ఫ్యూజుల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. లేచి నిలబడ్డాడు. ఈసారి గుడ్డ వెతకలేదు.

"నిజం చెప్తే ఏటి చేసీవారు? రేపట్నుంచి ఆయన్ని బండి ముట్టనిచ్చీవారా? మా నాన్నకి చెయ్యి పోనాక గనిలో అలగే చేసారండి. ఒక్కరోజులో అన్ని తాళాలూ లాగీసుకున్నారు. ఆయన ఇప్పటికీ జేబు తడుముకుంటారు."

"అందుకని మీ షాపు పోయినా ఫరవాలేదా? ఆరు బస్సులు పోయినా ఫరవాలేదా?"

"ఫరవా ఉంది మేడమ్," అతని గొంతు మొదటిసారి పైకి లేచింది. "చాలా ఉంది. మీరు రాసేముందు ఒక్కసారి నన్నడిగితే బాగుండును. నాలుగొందల మందికి చెప్పినారు. నాకొక్కడికీ ఫోన్ చెయ్యలేదు."

రేకు మీద వాన ఒకటే మోత. ఆమె ఫోన్ తీసి టైపు చెయ్యడం మొదలుపెట్టింది. నాన్నగారి పేరు రాయొద్దని అతను అన్నాడు. రాయనని ఆమె అంది. రాసి అతనికి చూపించకుండానే పంపేసింది. అతని ఫోన్ బల్ల మీద టింగ్ మంది.

రమాకాంత్ తప్పు లేదు, ఫ్యూజులు తప్పు పెట్టింది మా ఇంట్లోనే, పెట్టింది నేనే, తెలియకుండా ఒక మంచి పనివాడి పేరు పాడుచేశాను, క్షమించండి. కింద అహల్య అని పేరు.

"ఇదీ అబద్ధమే కదండి," అన్నాడు రమాకాంత్.

"మీరు చెప్పగా లేంది నేను చెప్తే తప్పొచ్చిందా?"

అతను నవ్వాపుకోలేకపోయాడు. ఆమె నవ్వకూడదని గట్టిగా అనుకుంది. ఇద్దరి ఫోన్లూ మళ్ళీ టింగ్ మన్నాయి. ఈసారి గొంతు సందేశం. నాన్నగారిది. అహల్య రాసింది అమ్మ చదివి వినిపించి ఉంటుంది; టైపు చెయ్యడానికి ఫోన్లో అక్షరాలు ఆయనకి కనిపించవు మరి.

"నమస్కారం. నేను ధర్మారావుని, రైల్ మిల్లు ఎలక్ట్రికల్, రిటైర్డ్. ఆ ఫ్యూజులు పెట్టింది మా అమ్మాయీ కాదు, రమాకాంతూ కాదు. నేను. నా కళ్ళలో పొరలు దిగినాయి, ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మధ్యాహ్నం డాక్టరు చూసినాడు, మంగళవారం ఆపరేషను. షట్‌డౌన్ తీసుకున్నోడే తిరిగివ్వాలి. అందుకే నేనే చెప్తున్నాను. ఆ కుర్రోడి పని నేను పక్కన కూచుని చూసినాను. మా మిల్లులోనైతే నా గ్యాంగులోకి తీసుకుందును."

తరవాత అతను గుడ్డ వెతికి ఆమెకిచ్చాడు. అది కళ్ళు తుడుచుకునే గుడ్డ కాదు. ఆమె దానితోనే తుడుచుకుంది. బుగ్గ మీద గ్రీజు మరక పడింది. ఆ సంగతి అతను చెప్పలేదు, చూస్తూ ఊరుకున్నాడు.

సుప్రియ మేడమ్ ఫోన్ చేశారు. అహల్య ఎత్తి, రమాకాంత్ తప్పు తన మీద వేసుకున్న సంగతీ చెప్పి, స్పీకరులో వినిపించింది. ఒకే ఫ్యూజుకి ముగ్గురు తప్పు ఒప్పుకోవడం తన సర్వీసులో చూడలేదని, సోమవారం పొద్దున్న ఆ కుర్రాణ్ణి బస్సుల దగ్గరికి రమ్మనమని చెప్పారు.

"భయ్యా, సోమవారం..." అనబోయి అహల్య ఆగింది. ఇన్నాళ్ళూ సులువుగా నోటికొచ్చిన ఆ మాట ఉన్నట్టుండి అస్సలు నచ్చలేదు.

"ఇకమీద మిమ్మల్ని భయ్యా అని పిలవను," అంది, అదేదో అతని తప్పయినట్టు.

"నేను దీదీ అనడం మొదటి రోజే మానేసానండి," అన్నాడు రమాకాంత్. "మొహం బాగాలేదని మీరు ఫోన్లో చెప్పినప్పుడే."

*

మంగళవారం ఆసుపత్రికి వెళ్ళేముందు నాన్నగారు జేబులోంచి ఎర్ర కీ తీసి రమాకాంత్ చేతిలో పెట్టారు. జేబులోది ఇంకొకడి చేతికి ఇవ్వని మనిషి అలా ఇచ్చేసరికి అమ్మ ఒకసారి అహల్య వైపు చూసి, ఏమీ తెలియనట్టు ఫ్లాస్కు సర్దుకుంది.

మర్నాడు కట్టు విప్పాక ఇంటికి తిరిగివస్తున్నారు. అహల్య నడుపుతోంది, పక్కన రమాకాంత్, వెనక అమ్మా నాన్నగారూ. వాన వెలిసింది. నాన్నగారు నల్లద్దాలు కొంచెం పైకెత్తి లోకాన్ని తనిఖీ చేస్తున్నారు. రమాకాంత్ చొక్కా నీలమనుకున్నానే, ఆకుపచ్చా అన్నారు. వ్యాను పసుపనుకున్నాను, ఇది తెలుపే కదా, దుర్గ్ వాడు ఆ ఒక్కటీ నిజమే చెప్పాడన్నారు. తరవాత ముందున్న అద్దంలో కూతురి మొహం కనిపించింది. దాన్ని ఆయన చాలాసేపు చూశారు.

రమాకాంత్ జేబులోంచి కీ తీసి వెనక్కి చాపాడు. నాన్నగారు తీసుకోలేదు.

"ఇలగ బండిలో కూచుని ఇచ్చీస్తే చెల్లదు బాబూ. షట్‌డౌన్ వాపసుకి రెండు వైపులా సంతకాలుండాలి. ఆదివారం మీ అమ్మనీ నాన్ననీ తీసుకుని ఇంటికి రా. అప్పుడు ఇద్దువు గాని."

రమాకాంత్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. అమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అహల్య బండిని రోడ్డు పక్కకి తీసి ఆపేసింది.

"ఇందులో నన్నెవరూ అడగరా?" అంది, మొహం ఎర్రగా చేసుకుని.

"నేను అడుగుతున్నానండి," అన్నాడు రమాకాంత్ మెల్లగా. "నాలుగొందల మందికీ చెప్పకముందే, ముందు మిమ్మల్నే అడుగుతున్నాను. ఆదివారం రానా?"

అహల్య అతని చేతిలోని కీ తీసుకుని అతని చొక్కా జేబులో వేసి, పైనుంచి ఒకసారి తట్టింది.

"మరిచిపోయి ఇంట్లో పెట్టి వస్తే ఊరుకోను," అని బండి స్టార్ట్ చేసింది.